ఇచ్చే చెయ్యి కథలో ఏం వెతుకుతుంది? క్రౌడ్‌ఫండింగ్ విజ్ఞప్తుల వెనుక ఉన్న లెక్క

ఒకే వారంలో మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకి రెండు మెసేజ్‌లు వచ్చాయి. రెండూ ఆసుపత్రి ఖర్చుకు సాయం అడిగేవే. మొదటిది మాతో చదువుకున్నతను తన బావ గురించి రాశాడు. ప్రమాదం ఏ రోజు జరిగింది, హన్మకొండలో ఏ వార్డులో ఉన్నాడు, ఇప్పటిదాకా ఎంత కట్టారు, ఇంకెంత కావాలి, అంతా ఉంది. రెండోది ఎక్కడి నుంచో ఫార్వర్డ్ అయి వచ్చిన ఫొటో. మంచం మీద ఒక పిల్ల, పైన ఎర్ర అక్షరాల్లో ‘దాతలు ఆదుకోవాలి’, కింద క్యూఆర్ కోడ్. మొదటిదానికి రెండు రోజుల్లో లక్ష దాటింది. రెండోదాని కింద చేతులు జోడించిన బొమ్మలు పది పన్నెండు పడ్డాయి, అంతే.

ఆ పిల్ల అవసరం చిన్నదేం కాదు. గ్రూపులో వాళ్లది రాతిగుండె అంతకన్నా కాదు. మరి తేడా ఎక్కడ వచ్చింది? ‘కథ బాగా చెబితే డబ్బులొస్తాయి’ అని ఈమధ్య అందరూ అనే మాటే. ఆ మాటలో ‘కథ’ అంటే ఏమిటో, అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో మాత్రం తక్కువమంది విడదీసి చెబుతారు. ఆ చిక్కు విప్పే ప్రయత్నమే ఇది.

క్రౌడ్‌ఫండింగ్‌లో ఉన్న నాలుగు దారులు

పెద్ద మొత్తాన్ని ఒక్కరి దగ్గర కాకుండా, చాలామంది దగ్గర కొంచెం కొంచెంగా ఇంటర్నెట్ ద్వారా పోగుచేయడమే క్రౌడ్‌ఫండింగ్. మన వినాయకుడి చందా లాంటిదే. కాకపోతే చందా పుస్తకం పట్టుకొచ్చిన పిల్లలు మన గల్లీ వాళ్లు. ఇక్కడ అడిగేవాడి ముఖం మనకు తెలియదు.

తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేది విరాళం. మిలాప్, కెట్టో, ఇంపాక్ట్‌గురు లాంటి సైట్లలో మనం చూసే వైద్యం విజ్ఞప్తులు ఎక్కువగా ఈ రకమే. ముందుగా డబ్బు కట్టి, తర్వాత వస్తువో పుస్తకమో అందుకునేది రెండోది. మూడోది అప్పు. దీన్ని నడిపే సంస్థలకు రిజర్వు బ్యాంకు 2017లో నిబంధనలు పెట్టింది. నాలుగోది కంపెనీలో వాటా. దీనిమీద స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2014లో చర్చాపత్రం తెచ్చింది, 2016లో అనుమతి లేని ఆన్‌లైన్ వేదికల గురించి మదుపుదారులను హెచ్చరించింది. కాబట్టి ‘మా స్టార్టప్‌లో వెయ్యి పెట్టండి, వాటా ఇస్తాం’ అని ఎవరైనా బహిరంగంగా అడిగితే, కథ ఎంత బాగున్నా ముందు ఆగి ఆలోచించాలి.

ఈ వ్యాసం మొదటి రెండింటి గురించే. కథకు ఎక్కువ పని పడేది అక్కడే.

కథంటే కల్పన కాదు, పటం విప్పడం

‘కథలు చెప్పకు’ అని తిట్టే భాష మనది. అందుకే విజ్ఞప్తిలో కథ ఉండాలి అనగానే కొందరికి అబద్ధం కలపమన్నట్టు వినిపిస్తుంది. నిజానికి కథ చెప్పి నలుగురి దగ్గర పోగుచేసుకునే పద్ధతి ఉత్తర తెలంగాణకు ఇంటర్నెట్ నేర్పిందేమీ కాదు.

చేర్యాల పటాలు చూసినవాళ్లకు ఇది తెలుసు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ కళాకారులు పదుల అడుగుల పొడవున్న గుడ్డ మీద గళ్లు గళ్లుగా బొమ్మలు వేసేవారు. ఆ పటాలను కొనుక్కెళ్లి కథలు చెప్పుకొని బతికే కులాలు వేరే. కాకిపడగల వాళ్లు ముదిరాజులకు చెబుతారు. కూనపులి వాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. పటం ఒక్కసారే విప్పరు. ఒక గడి చూపించి, ఆ కథ అయ్యాక తర్వాతి గడి దించుతారు. వినేవాళ్లు తమ మూలపురుషుడి కథ వింటున్నారు కాబట్టి ఇచ్చేది భిక్షంలా ఇవ్వరు. వాళ్లకు అది తమ వంతు.

ఒగ్గుకథ జరిగేచోట ఇంకోటి గమనించవచ్చు. ఎవరైనా నోటు ఇస్తే కథకుడు కాసేపు ఆగి, ‘ఫలానా ఊరు ఫలానా మల్లయ్య యాభై రూపాయలు’ అని పేరు చదివి దీవిస్తాడు. పెళ్లిలో కట్నాలు చదివించడమూ అదే. ఇచ్చినవాడి పేరు నలుగురిలో వినిపించగానే అతనూ కథలోకి వచ్చేస్తాడు. పక్కవాడి చెయ్యి కూడా జేబు వైపు వెళుతుంది.

1885లో న్యూయార్క్‌లోనూ ఇదే జరిగింది. స్వేచ్ఛామూర్తి విగ్రహానికి పీఠం కట్టడానికి డబ్బు చాలకపోతే, ‘ది వరల్డ్’ పత్రిక నడిపే జోసెఫ్ పులిట్జర్ తన పేపర్లో విరాళాలు అడిగాడు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా పేరు అచ్చేస్తానన్నాడు. కొద్ది నెలల్లోనే లక్షా ఇరవై వేల మందికి పైగా కలిసి లక్ష డాలర్లు దాటించారు. వాళ్లలో చాలామంది ఇచ్చింది డాలరు కన్నా తక్కువే.

కాబట్టి ఇక్కడ కథ అంటే నాలుగు సంగతులు. మనిషి ఎవరు, ఏమైంది, ఇప్పుడు ఏది ఆగిపోయి ఉంది, నేను ఇచ్చే ఐదు వందలు ఆ ఆగినదాన్ని ఎలా కదిలిస్తాయి. ఈ నాలుగింటికీ జవాబు ఉంటే అది కథ. కన్నీళ్లు ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు.

ఒక్కరి కోసం లేచే చెయ్యి వందమంది కోసం ఎందుకు లేవదు

ఈ ప్రశ్న మీద పరిశోధనలు చాలానే ఉన్నాయి. ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1968లోనే ఒక మాట రాశాడు. ఆరేళ్ల పిల్ల ఆపరేషన్‌కు డబ్బు కావాలంటే పోస్టాఫీసు నిండా చిల్లర వచ్చి పడుతుంది. అమ్మకపు పన్ను వేయక ఆసుపత్రుల సదుపాయాలు దిగజారి, దానివల్ల కొన్ని ప్రాణాలు పోతాయని చెబితే ఎవరూ చెక్కుబుక్కు తీయరు. పోయేవి ప్రాణాలే అయినా, రెండోదాంట్లో ముఖం కనబడదు.

2005లో ఇజ్రాయెల్‌లో తెహిలా కోగట్, ఇలానా రిటోవ్ దీన్ని పరీక్షించారు. వైద్యానికి కావలసిన మొత్తం ఒకటే. కొందరికి ఒక్క పాపను పేరు, ఫొటోతో చూపించారు, మరికొందరికి ఎనిమిది మంది పిల్లలను. ఒక్క పాపకే ఎక్కువ ఇచ్చారు. 2007లో అమెరికాలో డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ చేసిన ప్రయోగం ఇంకా ప్రసిద్ధం. ఒక సర్వే నింపినందుకు ప్రతి ఒక్కరికీ ఐదు డాలర్లు ఇచ్చి, అందులోంచి కొంత విరాళం ఇస్తారా అని అడిగారు. ఆఫ్రికాలో ఆకలి గురించి అంకెలు మాత్రమే చదివినవాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. మాలి దేశపు ఏడేళ్ల పాప ఒక్కరి గురించే చదివినవాళ్లు 2.38 ఇచ్చారు. పాప కథ, అంకెలు రెండూ కలిపి చదివినవాళ్లు 1.43 దగ్గరే ఆగారు. అంకెలు వచ్చి కథను బలపరచకపోగా చల్లార్చాయన్నమాట.

ఇంతవరకు చదివి ‘అయితే అంకెలు తీసేసి ఒక ఫొటో పెడితే చాలు’ అనుకునేవాళ్లు ఉన్నారు. ప్రచారాలు ఎలా నడపాలో నేర్పే చాలామంది అంటున్నదీ అదే. కానీ కథ అక్కడితో అయిపోలేదు. అప్పటిదాకా వచ్చిన ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి 2016లో లెక్కేస్తే, ఒక్కరి కథ ప్రభావం నిజమేగానీ చాలా చిన్నదని తేలింది. 2023లో ఇంకో బృందం 2007 ప్రయోగాన్ని ఎక్కువమందితో తిరిగి చేసి చూస్తే ఆ తేడా అసలు కనిపించలేదు. అంటే ముఖం చూపించగానే చేతులు లేస్తాయని గట్టిగా చెప్పలేం.

నాకు అర్థమైనంతలో ఇక్కడ రెండు రకాల అంకెలను ఒకే గాటన కట్టేస్తున్నారు. ‘దేశంలో ఇన్ని లక్షల మందికి కిడ్నీ జబ్బు’ అన్నది ఒక రకం. అది వినగానే మనసుకు ‘నేనేం చేయగలను’ అనిపిస్తుంది. ‘డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు రానుపోను ఆటోకు ఇంత’ అన్నది ఇంకో రకం. ఈ అంకె దూరం పెంచదు, ఆ ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్తుంది. కథను చల్లార్చేది మొదటి రకం. రెండో రకం కథలో భాగమే. పరిశోధకులు చూపించిన అంకెలు మొదటి రకానివి.

ఒక మెసేజ్‌ను విప్పి కట్టి చూద్దాం

ఇది కల్పించిన ఉదాహరణే. మాటలు మాత్రం మీరు రోజూ చూసేవే.

‘నిరుపేద కుటుంబం. రెక్కాడితే గాని డొక్కాడదు. ఇంటి పెద్దదిక్కు మంచాన పడ్డాడు. వైద్యానికి లక్షలు ఖర్చవుతాయని డాక్టర్లు చెప్పారు. దాతలు పెద్ద మనసుతో ఆదుకోవాలి.’

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఈ ఐదు వాక్యాల్ని ఏ ఊరికైనా, ఏ మనిషికైనా అతికించవచ్చు. జిల్లా పేజీల్లో ఏళ్ల తరబడి చదివీ చదివీ ఈ మాటలకు మన కళ్లు అలవాటు పడిపోయాయి. ‘రెక్కాడితే గాని డొక్కాడదు’ అన్నవాడు మొదటిసారి అన్నప్పుడు అందులో ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు అది ముద్రబిళ్ల. ‘లక్షలు’ అంటే ఎన్ని లక్షలో తెలియకపోతే నా ఐదు వందలు సముద్రంలో చెంబెడు నీళ్లలా అనిపిస్తాయి.

అదే ఇంటి సంగతి ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి.

‘మా నాన్నకు 52 ఏళ్లు. నర్సంపేట దగ్గర ఊళ్లో కిరాయి ట్రాక్టర్ నడుపుతాడు. పోయిన నెల 14న ట్రాలీ మీద పడి కుడి తొడ ఎముక రెండు చోట్ల విరిగింది. మొదటి ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయింది. తర్వాత ఇన్‌ఫెక్షన్ వచ్చింది. రెండో ఆపరేషన్‌కు, మందులకు, గదికి కలిపి ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ 3,20,000. అమ్మ పుస్తెలతాడు కుదువ పెడితే 90,000 వచ్చాయి. పెద్దనాన్న 50,000 ఇచ్చాడు. ఇంకా 1,80,000 తక్కువ. 22వ తేదీలోపు కట్టాలి. 360 మంది తలా 500 ఇస్తే సరిపోతుంది. ఎస్టిమేట్ కాగితం కింద పెట్టాను. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకే పోతుంది. కాలు నిలబడితే దసరా తర్వాత కోతలకు ట్రాక్టర్ ఎక్కుతా అంటున్నాడు.’

రెండో దాంట్లో ‘పేద’ అన్న మాటే లేదు, పుస్తెలతాడు ఉంది. ‘ఆదుకోండి’ అని లేదు, 360 మంది ఉన్నారు. ఆరోగ్యశ్రీ సంగతి చెప్పడం కూడా తేలిక విషయం కాదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. అందువల్ల విజ్ఞప్తి చదివే ప్రతివాడికీ మొదట వచ్చే అనుమానం ‘కార్డు లేదా?’ అన్నదే. ఆ ప్రశ్నకు జవాబు కథలోనే ఉంటే చదివేవాడు ఆగకుండా ముందుకు పోతాడు. చివరి వాక్యం కూడా గమనించండి. అది మంచం మీద ఉన్న మనిషిని మంచం దగ్గర వదిలేయలేదు, ట్రాక్టర్ ఎక్కించింది. ఇచ్చేవాడికి తన డబ్బు ఎటు పోతుందో దృశ్యంగా కనబడింది.

ఒక తిరకాసు ఉంది. ఇన్ని వివరాలు ఇస్తే మోసగాళ్లు కూడా ఇలాగే రాస్తారు కదా అని అడగొచ్చు. రాస్తారు, రాస్తున్నారు. అసలు పిల్లాడి ఫొటో తీసుకొని క్యూఆర్ కోడ్ మాత్రం తమది అతికించేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే వివరం వేరు, సరిచూసుకోగల వివరం వేరు. ఆసుపత్రి పేరు, ఎస్టిమేట్, డబ్బు పోయే ఖాతా, ఫోన్ చేస్తే మాట్లాడే మనిషి. కథ నిజమని ఇవి నిరూపించవు గానీ అబద్ధమైతే పట్టుకునే వీలు ఇస్తాయి.

వస్తువు ఇస్తామన్నప్పుడు కథ తీరు మారుతుంది: కొత్తవాడ మగ్గం

వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీలకు, మన ఇళ్లలో జంపఖానాలు అనేవాటికి, 2018లో జీఐ (ఫలానా చోటి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అక్కడి నలుగురు నేతగాళ్లు కలిసి కొత్త డిజైన్‌లో 50 దర్రీలు నేసి, ముందే డబ్బు కట్టినవాళ్లకు పంపాలనుకున్నారని అనుకుందాం. ఇదీ కల్పితమే, అంకెలు కూడా లెక్క తేలికగా ఉండేలా వేసుకున్నవి.

ఒక్కో దర్రీకి 3,000 తీసుకుంటారు. నూలు, రంగు 1,100. నేత కూలి 900. కొరియర్ 250, ప్యాకింగ్ 50. మొత్తం 2,300. అంటే యాభైకి వచ్చేది 1,50,000, ఖర్చు 1,15,000, మిగిలేది 35,000. పాత మగ్గం బాగు చేయడానికి సరిగ్గా 35,000 కావాలి. లెక్క సరిపోయిందనుకొని మొదలుపెట్టారు.

కానీ సైట్ ఫీజు 5 శాతం, పేమెంట్ గేట్‌వేకు 3 శాతం ఉందనుకోండి. లక్షన్నర మీద 12,000. ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ 2,160. చేతికి రానిది 14,160. మగ్గానికి మిగిలింది 20,840. యాభై దర్రీలు నేసి పంపినా మగ్గం పని సగంలో ఆగుతుంది. విరాళం విజ్ఞప్తులు నడిపే సైట్లలో చాలావాటికి ఇప్పుడు ఫీజు లేదంటారు. బదులుగా ఇచ్చేవాళ్లను ‘టిప్’ అడుగుతారు, కొంత శాతం ముందే ఎంచి ఉంచుతారు. ఆ పేజీని ఇచ్చేవాడు గమనించి చూసుకోవాలి.

ఇక కథ. ‘అంతరించిపోతున్న చేనేతను కాపాడండి’ అంటే ఒకసారి కొంటారు, జాలితో. జాలితో కొన్న జంపఖానా మడిచి అటక మీద పెడతారు. అదే గుంత మగ్గం ముందు కూర్చున్న మనిషి కాళ్లు గుంతలో ఎలా ఆడతాయో, అంచు మలుపు దగ్గర ఎందుకు చెయ్యి నెమ్మదిస్తుందో, ఒక దర్రీకి ఎన్ని రోజులు పడుతుందో చూపిస్తే, కొనేవాడికి వస్తువు మీద గౌరవం పెరుగుతుంది. మూడు వేలు ఎందుకో తనకే తెలుస్తుంది.

ఇక్కడ కథలో ఉండి తీరాల్సింది ఇంకోటి ఉంది, చాలామంది దాచేది. ఆలస్యం. అమెరికాలోని కిక్‌స్టార్టర్ సైట్‌లో 48,500 ప్రాజెక్టులను పరిశీలించి ఈథన్ మాలిక్ 2014లో రాసిన పత్రంలో, వస్తువు ఇస్తామన్నవాళ్లలో ఎక్కువమంది మాట నిలబెట్టుకున్నా, నాలుగింట మూడు వంతులకు పైగా చెప్పిన సమయానికి ఇవ్వలేదని తేలింది. మన దగ్గర వానాకాలం గుంతలో చెమ్మ ఊరితే మగ్గం ఆపాల్సి వస్తుంది. ఆ ముక్క ముందే రాస్తే ఎవరూ తిట్టరు. దాచి, ఆగస్టులో ‘సాంకేతిక కారణాల వల్ల’ అని పంపితే నమ్మకం పోతుంది.

ప్రచారం వీడియోకు ఎంత ఖర్చు పెట్టాలన్న ప్రశ్న కూడా వస్తుంది. లక్షన్నర పోగుచేయడానికి యాభై వేలు పెట్టి డ్రోన్ షాట్లతో వీడియో తీయిస్తే అది చారాణా కోడికి బారాణా మసాలా. మగ్గం చప్పుడు వినబడేలా ఫోన్‌తో తీసిన రెండు నిమిషాలు చాలు.

డబ్బు వచ్చాక కూడా నడవాల్సిన కథ

పటం కథలో తర్వాతి గడి దించడం మానేస్తే జనం లేచి వెళ్లిపోతారు. క్రౌడ్‌ఫండింగ్‌లో ఆ తర్వాతి గడే ‘అప్‌డేట్’. ఎంత వచ్చింది, ఎక్కడ కట్టాం, రసీదు ఇదిగో, మనిషి ఎలా ఉన్నాడు. మొదటి రోజుల్లో ఇచ్చేది ఎక్కువగా తెలిసినవాళ్లే. బంధువులు, బ్యాచ్ వాళ్లు, గల్ఫ్‌లో ఉన్న ఊరి పిల్లలు. వాళ్లు ఇచ్చాక తిరిగి ఫార్వర్డ్ చేస్తేనే కథ తెలియనివాళ్ల దాకా పోతుంది. వాళ్లు ధైర్యంగా ఫార్వర్డ్ చేయాలంటే చేతిలో కొత్త కబురు ఉండాలి.

దీనికి నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ కేరళది. సౌదీలో మరణశిక్ష పడి ఏళ్ల తరబడి జైల్లో ఉన్న ఒక డ్రైవర్‌ను విడిపించడానికి, బాధిత కుటుంబానికి కట్టాల్సిన పరిహారం కోసం 2024లో మలయాళీలు 34 కోట్ల రూపాయలు పోగుచేశారు. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో ఆ వార్తను ఎంత శ్రద్ధగా చదివారో నాకు తెలుసు. అందరూ అతని కథ గురించే మాట్లాడారు. కానీ ఆ ప్రచారానికి ఒక యాప్ కూడా పెట్టారు. వస్తున్న డబ్బు అందులో ఎప్పటికప్పుడు కనిపించేది. కథ కదిలించింది, లెక్క నిలబెట్టింది. రెంటిలో ఏది లేకపోయినా అంత మొత్తం వచ్చేది కాదని నా నమ్మకం.

ఎన్నారైల దగ్గర తీసుకునేటప్పుడు ఒక విషయం. భారత పౌరసత్వం ఉన్నవాళ్లు విదేశం నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు ఇచ్చేది వస్తుంది, తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు ఉండాలి. అలాగే 80జీ అని మనం పిలిచే పన్ను మినహాయింపు నమోదైన సంస్థకు ఇస్తేనే. ఒక మనిషి వైద్యానికి నేరుగా పంపినదానికి వర్తించదు. విజ్ఞప్తిలో ఇది ముందే స్పష్టంగా రాస్తే తర్వాత మాట రాదు.

కథ ఎవరిది? గొట్టాలున్న ఫొటో పెట్టాలా వద్దా

దీనిమీద రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది.

ఒక వాదన: ప్రాణం పోతుంటే మర్యాద గురించి మాట్లాడటం కడుపు నిండినవాళ్ల పని. ఐసీయూ ఫొటో పెడితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయంటే పెట్టాల్సిందే. బిడ్డ బతికాక ఫొటో సంగతి చూసుకోవచ్చు. ఆ స్థితిలో ఉన్న తల్లి ఈ మాట అంటే ఎదురు చెప్పే హక్కు నాకు లేదు.

రెండో వాదన: బాధను బజారులో పెట్టి చూపిస్తే చూసేవాళ్ల కళ్లు మొద్దుబారతాయి. తర్వాత వచ్చేవాడు ఇంకా ఘోరమైన ఫొటో పెట్టాల్సి వస్తుంది. పైగా ఇంటర్నెట్‌లోకి పోయినది వెనక్కి రాదు.

నేను కొన్నేళ్ల కింద తెలిసినవాళ్ల పిల్లాడి కోసం ఒక విజ్ఞప్తి రాశాను. ముక్కులో గొట్టంతో ఉన్న ఫొటో వాళ్ల మేనమామ పంపాడు, అదే పెట్టాం. డబ్బు వచ్చింది, పిల్లాడు కోలుకున్నాడు. ఇంటర్‌లో చేరాక కాజీపేటలో ఒక పెళ్లికి వచ్చాడు. బంతిలో పక్కన కూర్చున్న పెద్దాయన ప్రేమగానే అడిగాడు, ‘గా వాట్సాప్‌ల వచ్చిన పిలగానివి నువ్వే గదా?’ వాడు తల దించుకొని అవునన్నాడు. ఆ తర్వాత విస్తరి ముట్టలేదు. ఆ ఫొటో పెట్టే ముందు వాణ్ని అడగాలని మాకెవరికీ తట్టలేదు. వాడికప్పుడు పదమూడేళ్లు, మాటలు అర్థమయ్యే వయసే.

అప్పటినుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. జబ్బుకు ముందు తీసిన ఫొటో పెడతాను. బడి యూనిఫాంలోనో, సైకిల్ మీదో. జబ్బు తీవ్రత చెప్పడానికి ఆసుపత్రి కాగితం ఉంది. డబ్బు తగ్గుతుందేమో అన్న భయం ఉంటుంది, నిజంగా తగ్గొచ్చు కూడా. కానీ ఐదేళ్ల తర్వాత ఆ కథలో ఉన్న మనిషి దాన్ని తానే చదువుకొని తల ఎత్తుకోగలగాలి. నా వరకు నాకు ఇందులో రాజీ లేదు.

కథ చెప్పలేని వాళ్ల పరిస్థితి

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇది. కథను బట్టి డబ్బు వస్తుందంటే, కథ చెప్పడం వచ్చినవాడికి వైద్యం అందుతుంది. రానివాడికి అందదు. అమెరికాలో గోఫండ్‌మీ సైట్‌లోని 200 వైద్య ప్రచారాలను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పదింట తొమ్మిదికి పైగా లక్ష్యాన్ని చేరలేదని తేలింది. మనకు వార్తల్లో కనిపించేవి ఆ మిగిలిన కొన్నే. జబ్బుల్లో కూడా తేడా ఉంటుంది. పసిపిల్లకు 16 కోట్ల ఇంజెక్షన్ కావాలంటే దేశమంతా కదిలిన సందర్భాలున్నాయి. అరుదైన జబ్బులకు కేంద్రం 2021లో విధానం తెచ్చి, విరాళాల కోసం ఒక పోర్టల్ కూడా పెట్టింది, 2022లో సాయం పరిమితిని 50 లక్షలకు పెంచింది. అదే నలభై అయిదేళ్ల మనిషికి లివర్ చెడితే, ‘తాగి చెడగొట్టుకున్నాడేమో’ అని చదివేవాడు అనుకుంటాడు. అతను జీవితంలో చుక్క ముట్టకపోయినా సరే.

అందుకని కొందరు క్రౌడ్‌ఫండింగ్ మొత్తాన్నే తప్పుపడతారు. వైద్యం ప్రభుత్వం చూడాల్సిన పని, అది కథల పోటీ కాకూడదంటారు. ఇంకొందరు, అదంతా నిజమే, కానీ ఆపరేషన్ 22వ తేదీన ఉంది అంటారు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. ఈ రెండో మాట ఉన్నంతకాలం చేయగలిగిన పని ఒకటుంది. కథ చెప్పడం రానివాళ్ల పక్కన కూర్చొని అడిగేవాళ్లు కావాలి. ఊళ్లో బడి సారు, ఆశా కార్యకర్త, మీసేవలో కూర్చునే పిల్లాడు, ఎవరైనా సరే.

మొదట చెప్పిన రెండో మెసేజ్ గుర్తుందా, ఎర్ర అక్షరాలది? నాలుగు రోజుల తర్వాత మనసు ఆగక, ఫొటో కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఆ పిల్ల తల్లి ఎత్తింది. ములుగు వైపు ఊరు, మిరప చేలల్లో కూలి. ఆ మెసేజ్ ఎవరు రాశారమ్మా అంటే, పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లాడు యాప్‌లో చేసిచ్చాడంది. ఏమైందో చెప్పమన్నాను. జ్వరం మొదలైన రోజు నుంచి మొదలుపెట్టింది. ఏ తారీఖున ఏ డాక్టరు ఏమన్నాడో, ఏ పరీక్షకు ఎంత అయిందో, కార్డు ఎక్కడ పనిచేసి ఎక్కడ చేయలేదో, మేస్త్రీ దగ్గర అడ్వాన్సు ఎంత తెచ్చిందో, పిల్ల ఇంటికొచ్చాక ఏం తింటానందో, ఇరవై నిమిషాలు ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. ఇదంతా మెసేజ్‌లో ఎందుకు రాయించలేదమ్మా అన్నాను.

‘నన్నెవ్వలు అడగలే సార్’ అంది.